రేసులో ఎప్పుడూ మధ్యలోనే ఉండిపోతున్నారా? డింగీ సెయిలర్లకు సమగ్ర మార్గదర్శి

ముప్పై డింగీలు, అంటే చిన్న తెరచాప పడవలు, రేసుకి దిగితే ముందొచ్చే అయిదారుగురి పేర్లు అందరికీ తెలుసు. బాగా వెనకబడ్డవాళ్ల దగ్గరికి ఎవరో ఒకరు వెళ్లి నాలుగు మాటలు చెప్పి సాయం చేస్తారు. పన్నెండు నుంచి ఇరవై రెండో స్థానం దాకా వచ్చేవాళ్లనే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఏ ఫ్లీట్‌లోనైనా, అంటే కలిసి రేసు చేసే పడవల గుంపులో, పెద్ద భాగం వీళ్లే. వీళ్లు రావడం మానేస్తే రేసే ఉండదు. ఈ మార్గదర్శి రాస్తున్నది వాళ్ల కోసమే.

మధ్యలో ఉన్న సెయిలర్‌కి పడవ నడపడం వచ్చు, రేసు పూర్తి చేయడం వచ్చు. అక్కడి నుంచి ముందుకి రావాలంటే ఏదో రహస్యం తెలియాలని చాలామంది అనుకుంటారు. కొత్త సెయిల్ కొంటారు, కంట్రోల్ తాళ్లన్నీ మార్చేస్తారు. నేను గట్టిగా నమ్మేది ఒకటే: ముందున్నవాళ్లు అద్భుతాలేమీ చేయరు, తక్కువ పోగొట్టుకుంటారు, అంతే. కాబట్టి మీరు ఎక్కడెక్కడ పోగొట్టుకుంటున్నారో పట్టుకుని ఒక్కొక్కటే ఆపుకుంటూ రావాలి.

ముందు ఈ లెక్క చూడండి

ఇదివరకు లేజర్ అని పిలిచిన ఐఎల్‌సీఏ పడవ పొడవు సుమారు 4.2 మీటర్లు. మోస్తరు గాలిలో, గాలికి ఎదురుగా వెళ్లేటప్పుడు వేగం నాలుగు నాట్లు అనుకుందాం. అంటే సెకనుకు రెండు మీటర్లు. ఒక పడవ పొడవు పోయిందంటే రెండు సెకన్లు పోయినట్టే.

రేసు మొత్తంలో పన్నెండు టాక్‌లు (పడవ ముక్కును గాలి మీదుగా అవతలి వైపుకి తిప్పడం) కొట్టారనుకోండి. టాక్‌కి ఒక్క పొడవు చొప్పున ముందున్నవాళ్ల కంటే ఎక్కువ పోగొట్టుకుంటే 24 సెకన్లు. నాలుగు మార్కుల (రేసు దారిలో చుట్టి వెళ్లాల్సిన బోయాలు) దగ్గర మూడేసి పొడవులు వెడల్పుగా తిరిగితే ఇంకో 24 సెకన్లు. స్టార్ట్‌లో అందరూ కదిలాక ఆరేడు సెకన్లకి మీరు కదిలారు. మొత్తం కలిపితే దాదాపు నిమిషం. గుంపు మధ్యలో ఒక్క నిమిషంలోనే బోలెడన్ని పడవలు ఫినిష్ దాటేస్తాయి. ఇందులో పడవ వేగం మాట ఎక్కడా రాలేదు, గమనించండి.

మొదటి మెట్టు: ఎక్కడ పోతోందో రాసుకోండి

ఒడ్డుకి రాగానే, కబుర్లలో పడకముందే, ప్రతి రేసుకీ నాలుగు అంకెలు రాసుకోండి: స్టార్ట్ అయిన రెండు నిమిషాలకి సుమారుగా ఎన్నో స్థానంలో ఉన్నారు, మొదటి మార్కు దగ్గర ఎన్నో స్థానం, చివరి మార్కు దగ్గర ఎంత, ఫినిష్‌లో ఎంత. వాటి పక్కనే, ఒకేసారి ఎక్కువ పడవలు మిమ్మల్ని దాటిపోయిన చోటు ఏదో ఒక్క వాక్యంలో రాయండి.

కొన్ని రేసులయ్యాక ఆ కాగితమే మాట్లాడుతుంది. మొదటి మార్కుకి 20, ఫినిష్‌కి 15 అని పదే పదే కనిపిస్తే మీ డౌన్‌విండ్ (గాలితో పాటు వెళ్లే భాగం) బాగానే ఉంది, సమస్య స్టార్ట్‌లోనో మొదటి బీట్‌లోనో (గాలికి ఎదురుగా వెళ్లే భాగం) ఉంది. మొదటి మార్కుకి 10, ఫినిష్‌కి 17 అయితే తిరగబడిన కథ. ఏది ముందు బాగుచేసుకోవాలో దీన్నిబట్టి తేల్చుకోండి. అన్నీ ఒకేసారి బాగుచేద్దామని దిగితే ఏదీ బాగుపడదు. ఒక నెలకి ఒక్క విషయం చాలు.

రెండో మెట్టు: పడవ చెప్పినట్టు వినాలి

తల బయట పెట్టి గాలిని చూడాలంటే చేతులు వాటంతటవే పనిచేయాలి. టాక్ కొట్టేటప్పుడు తాడు ఎక్కడుందో వెతుక్కునేవాడికి పక్క పడవ కనిపించదు.

రోల్ టాక్‌ని, అంటే పడవను ఊపుతూ కొట్టే టాక్‌ని, దగ్గరగా చూద్దాం. మొదలుపెట్టే ముందు పడవను కొద్దిగా గాలివాటు వైపుకి, అంటే బూమ్ (సెయిల్ అడుగు కట్టిన అడ్డకొయ్య) ఉన్న వైపుకి వంగనివ్వండి. పడవ తనంతట తానే గాలిలోకి తిరగడం మొదలెడుతుంది, టిల్లర్ (చుక్కాని తిప్పే పిడి) దాని వెంట మెల్లగా వెళ్లాలి. ముక్కు గాలికి ఎదురయ్యే సమయానికి మీరు ఇంకా పాత వైపే ఉండాలి. మీ బరువుకి పడవ మీ వైపు వాలుతుంది. బూమ్ మీ తల మీదికి వచ్చేసరికి అవతలి వైపుకి దాటండి. దాటేటప్పుడు మెయిన్‌షీట్ (సెయిల్‌ని లాగే తాడు) జానెడు వదలండి. కొత్త వైపు కూర్చుని పడవను ఒక్క ఊపులో నిటారు చేస్తూ, అదే క్షణంలో ఆ జానెడు తాడూ లాగండి. పడవ ముందుకి దూకినట్టు తెలుస్తుంది.

మధ్య ఫ్లీట్‌లో ఎక్కువగా కనిపించే పొరపాట్లు రెండు. ఒకటి, తొందరపడి ముందే దాటేయడం. అలా దాటితే రోల్ ఉండదు, పడవ నీళ్లలో చచ్చుపడిపోతుంది. రెండోది, టిల్లర్‌ని ఒక్కసారిగా తోసేయడం. అడ్డంగా తిరిగిన చుక్కాని బ్రేకే. ఇంకో మాట: రోల్ ఎంత బాగా కొట్టినా, టాక్ కొట్టకుండా ఉంటే ఉండే వేగం కంటే టాక్ అయ్యాక ఎక్కువ వేగం వస్తే సెయిలింగ్ రేసు నియమాల్లోని 42వ రూల్ ఒప్పుకోదు. రోల్ కొట్టేది వేగం పోకుండా చూసుకోవడానికే.

టాక్‌కి ముందే భుజం మీదుగా చూసి, కొత్త దిశ ఎక్కడికి వస్తుందో ఒడ్డున ఏదో ఒక గుర్తు పెట్టుకోండి. లేకపోతే మరీ కిందికి (పై అంటే గాలి వచ్చే వైపు, కింద అంటే గాలి పోయే వైపు) తిరిగి ఒక పొడవు, మళ్లీ పైకి సర్దుకుంటూ ఇంకో పొడవు ఊరికే పోతాయి.

రెండో సాధనకి ఒక బోయా చాలు. దాని పక్కన స్టార్‌బోర్డ్ టాక్ మీద (గాలి కుడి వైపు నుంచి వచ్చేలా; ఎడమ నుంచి వస్తే పోర్ట్ టాక్), సెయిల్ కొట్టుకుంటూ ఉండగా, ఒక పడవ పొడవు దాటకుండా నిమిషం పాటు నిలబడండి. ఆ తర్వాత తాడు లాగి పూర్తి వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో లెక్కపెట్టండి. తేలిక గాలికి ఒక లెక్క, గట్టి గాలికి ఇంకో లెక్క వస్తుంది. స్టార్ట్‌లో మీకు కావలసిన అసలు అంకె ఇదే. దీన్ని కొలుచుకున్నవాళ్లు మధ్య ఫ్లీట్‌లో చాలా తక్కువ.

ఒడ్డున చేసే పని గురించి రెండు ముక్కలు. సెంటర్‌బోర్డు, చుక్కాని అంచులు నున్నగా ఉండాలి, బెయిలర్ (పడవలోని నీళ్లు బయటికి పంపేది) పనిచేయాలి, కంట్రోల్ తాళ్ల మీద పెన్నుతో గుర్తులుండాలి. నిన్న బాగా వెళ్లిన సెట్టింగ్ ఇవాళ మళ్లీ దొరకాలంటే ఆ గుర్తులే దిక్కు.

మూడో మెట్టు: స్టార్ట్

ఎక్కువ స్థానాలు ఇక్కడే పోతాయి, కాబట్టి ఎక్కువ శ్రమా ఇక్కడే పెట్టాలి.

రూల్ ప్రకారం సిగ్నల్స్ 5, 4, 1, 0 నిమిషాలకి వస్తాయి. అయిదుకి క్లాస్ జెండా (మీ రకం పడవల జెండా) పైకి, నాలుగుకి ప్రిపరేటరీ జెండా పైకి, ఒక నిమిషం ఉందనగా అది కిందికి, సున్నాకి క్లాస్ జెండా కిందికి. చాలా క్లబ్బుల్లో 3-2-1 పద్ధతి కూడా వాడతారు, అందుకే సెయిలింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ (ఆ రేసుకి నిర్వాహకులు రాసిచ్చే సూచనలు) చదివే నీళ్లలోకి దిగండి. టైమ్ జెండాని చూసి పట్టుకోవాలి. హారన్ మోగకపోయినా జెండాదే చివరి మాట.

ముందుగా స్టార్ట్ లైన్ (రేసు నడిపే కమిటీ బోటుకీ ఒక బోయాకీ మధ్య ఊహించుకునే గీత) ఎటు వంగి ఉందో చూడండి. లైన్ మధ్యకి వెళ్లి పడవను నేరుగా గాలిలోకి తిప్పి ఆపండి. ముక్కు ఏ చివరి వైపు ఎక్కువగా చూపిస్తే ఆ చివర గాలికి దగ్గరగా ఉన్నట్టు. వంద మీటర్ల లైన్ అయిదు డిగ్రీలు వంగి ఉంటే రెండు చివరలకీ తేడా సుమారు పన్నెండు మీటర్లు, అంటే దాదాపు మూడు పడవ పొడవులు. మంచి లాభమే. కాకపోతే అది ఫ్లీట్ అంతటికీ తెలుసు. అందరూ అక్కడికే ఎగబడతారు, రెండో వరుసలో చిక్కుకున్నవాడు ఆ మూడు పొడవులకి రెట్టింపు పోగొట్టుకుంటాడు. అందుకే మధ్య ఫ్లీట్ సెయిలర్‌కి నేను చెప్పేది: లాభమున్న చివరి నుంచి లైన్‌లో మూడో వంతు దూరం ఇవతలికి జరగండి. కొంచెం లాభం వదులుకున్నా మొదటి వరుస, శుభ్రమైన గాలి దక్కుతాయి.

తర్వాత ట్రాన్సిట్ తీసుకోండి. లైన్ ఒక చివర బయట నిలబడి, రెండు చివరలనీ కలిపే గీత మీద అవతలి ఒడ్డున ఏముందో చూసుకోండి: ఒక చెట్టో, స్తంభమో. స్టార్ట్ సమయంలో అవతలి చివర ఆ గుర్తు మీదికి వస్తే మీరు సరిగ్గా లైన్ మీదున్నట్టు. ట్రాన్సిట్ లేనివాళ్లు లైన్ మధ్యలో భయంతో ఒకటి రెండు పొడవులు వెనకే ఆగిపోతారు. ఎప్పుడైనా కమిటీ బోటు మీద నిలబడి చూడండి, లైన్ మధ్యలో పడవల వరుస వెనక్కి వంగి కనిపిస్తుంది. ట్రాన్సిట్ ఉన్నవాడికి ఆ ఖాళీ అంతా ఉచితం.

చివరి నిమిషంలో చేయాల్సింది ఇది. స్టార్‌బోర్డ్ టాక్ మీద, లైన్‌కి రెండు మూడు పొడవుల కింద, మెల్లగా జరుగుతూ చోటు పట్టుకోండి. మీకు గాలివాటు వైపు, అంటే కింది వైపు, ఒకటిన్నర పొడవుల ఖాళీ ఉండేలా చూసుకోండి. ఆ ఖాళీయే మీ పెట్టుబడి. పై పడవ మీదికి వస్తుంటే కొద్దిగా పైకి తిరిగి దాన్ని నిలువరించండి. పై పడవే తప్పుకోవాలి, కానీ తప్పుకోవడానికి దానికి సమయమివ్వాలి. ఎవరైనా మీ కింది ఖాళీలోకి దూరబోతే ముక్కు వాళ్ల వైపు తిప్పి చూపించండి, చాలామంది వేరే చోటు వెతుక్కుంటారు. మీరు కొలుచుకున్న సెకన్ల అంకె వచ్చేసరికి ముక్కు కొద్దిగా కిందికి దించి, తాడు లాగి, పడవను నిటారు చేస్తూ బయల్దేరండి. హారన్ మోగినప్పుడు మీరు పూర్తి వేగంలో ఉండాలి. మోగాక తాడు లాగడం మొదలెట్టినవాడు అప్పటికే ఓడిపోయినట్టు.

కమిటీ బోటుకీ కింది పడవకీ మధ్య ఇరుక్కుని దూరడానికి ప్రయత్నించకండి. స్టార్టింగ్ మార్కు దగ్గర మార్క్-రూమ్ (మార్కు దాటడానికి చోటు) అడిగే హక్కు మీకు లేదు. కింది పడవ తలుపు మూసేస్తే పోవడానికి దారి ఉండదు.

నాలుగో మెట్టు: మొదటి బీట్

స్టార్ట్ తర్వాత రెండు నిమిషాలు ఒకే పని: శుభ్రమైన గాలిలో వేగంగా వెళ్లడం. పక్కవాడి కంటే పైకి ఎక్కాలని ముక్కు గాలిలోకి గుచ్చకండి. సెయిల్ మీది టెల్‌టేల్స్‌లో (గాలి తీరు చూపే దారపు ముక్కలు) గాలి వైపుది పైకి లేస్తుంటే మరీ పైకి వెళ్తున్నారు, అవతలిది కొట్టుకుంటుంటే మరీ కిందికి వెళ్తున్నారు లేదా తాడు ఎక్కువ లాగారు. అలలు ఎదురైనప్పుడు కొంచెం కిందికి దించి వేగం కాపాడుకోవడమే లాభం.

పడవ వాలకూడదు. గాలి విసురు వచ్చినప్పుడు ముందు తాడు కొద్దిగా వదలండి, బాగా హైక్ చేయండి (పడవ అంచు మీంచి బయటికి వాలండి), పడవ నిటారైన వెంటనే మళ్లీ లాగండి. టిల్లర్ చేతిని లాగుతోందంటే పడవ వాలినట్టే, చుక్కాని నీళ్లని తోస్తున్నట్టే. హైకింగ్‌కి తొడలు, పొట్ట కండరాలు నిలబడాలి, ఆ బలం ఒడ్డునే వస్తుంది. డెన్మార్క్ సెయిలర్ పాల్ ఎల్వ్‌స్ట్రోమ్ ఇంట్లోనే హైకింగ్ బెంచీ పెట్టుకుని సాధన చేసేవాడు. 1948 నుంచి 1960 దాకా వరుసగా నాలుగు ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచినవాడే అంత కష్టపడ్డాడు.

కింద ముందుగా ఉన్న పడవ మీ గాలి పాడుచేస్తోందనిపిస్తే ఎంతసేపు భరించాలి? పై వైపు ఖాళీ ఉంటే వెంటనే టాక్ కొట్టేయండి. అడ్డొచ్చే స్టార్‌బోర్డ్ పడవలుంటే ఒకటి రెండింటి వెనక నుంచి దిగి వెళ్లడానికి మొహమాటపడకండి. ఒక పడవ వెనక నుంచి దిగితే పోయేది ఒకటి రెండు పొడవులు. పాడు గాలిలో రెండు నిమిషాలు ఉంటే పోయేది అంతకంటే చాలా ఎక్కువ.

ఇక గాలి తిరుగుళ్లు. గాలి మిమ్మల్ని మార్కు వైపుకి ఎత్తితే లిఫ్ట్, కిందికి నెడితే హెడర్. పక్కపక్కన వంద మీటర్ల ఎడంగా ఉన్న రెండు పడవలు సమానంగా ఉన్నాయనుకోండి. గాలి పది డిగ్రీలు తిరిగితే వాటి మధ్య సుమారు పాతిక మీటర్ల తేడా వస్తుంది. ఆరు పడవ పొడవులు! వాంగ్, ఔట్‌హాల్ లాంటి సెయిల్ సర్దే తాళ్లు ఎంత సర్దినా అంత లాభం రాదు. అందుకే స్టార్ట్‌కి ముందు పది నిమిషాలు రెండు టాక్‌ల మీదా కొంతదూరం వెళ్లి సగటు దిశ తెలుసుకోండి. స్టార్‌బోర్డ్ మీద దిక్సూచి 40 చూపిస్తోందనుకుందాం. రేసులో 50 వస్తే లిఫ్ట్, అలాగే వెళ్లండి. 30 వస్తే హెడర్, టాక్ కొట్టే ఆలోచన చేయండి. దిక్సూచి లేకపోతే ఒడ్డున ముక్కుకి ఎదురుగా ఉన్న గుర్తుతో పని గడుస్తుంది. అటూ ఇటూ ఊగే గాలికి ఇది సరిపోతుంది. గాలి ఒకే వైపుకి మెల్లగా జరుగుతూ పోతుంటే మాత్రం ఆ వైపుకి ముందుగా చేరుకోవాలి.

ఓడిపోతున్నప్పుడు మూలకి పరిగెత్తాలన్న కోరిక బలంగా పుడుతుంది. "ఇటువైపు ఎవరూ లేరు, గాలి ఇటు తిరిగితే అందరినీ దాటేస్తా" అనుకుంటాం. ఫ్లీట్ ఎందుకు అటు రాలేదో ముందు ఆలోచించండి. స్పష్టమైన కారణం కనిపించకపోతే మధ్య భాగంలోనే ఉండండి, లే లైన్‌కి (మళ్లీ టాక్ కొట్టకుండా మార్కుకి చేరగలిగే దారి) ఆలస్యంగా చేరండి. ముందే లే లైన్ మీదికి వెళ్లినవాడికి తర్వాత వచ్చే ఏ తిరుగుడూ పనికిరాదు.

అయిదో మెట్టు: మార్కు దగ్గర

పై మార్కు ఎడమ వైపు ఉండేలా తిరిగే కోర్సులో, గుంపులో వస్తున్నప్పుడు, పోర్ట్ టాక్ మీద మార్కు దాకా వచ్చి చివర్లో దూరుదామనుకోవద్దు. జోన్ అంటే మార్కు చుట్టూ మూడు పడవ పొడవులు. ఆ జోన్‌లో పోర్ట్ నుంచి స్టార్‌బోర్డ్‌కి టాక్ కొట్టి, అప్పటికే స్టార్‌బోర్డ్ మీద జోన్‌లోకి వచ్చిన పడవ మిమ్మల్ని తప్పించుకోవడానికి పైకి తిరగాల్సి వస్తే తప్పు మీదే. జోన్‌కి బాగా బయటే స్టార్‌బోర్డ్ వరుసలో చేరండి, గుంపు ఉంటే ఒకటిన్నర పొడవులు అదనంగా పైకి వెళ్లండి. మార్కు చుట్టూ గాలి చెడిపోయి ఉంటుంది, సరిగ్గా కొలిచి వచ్చినవాడు మార్కుకి తగులుతాడు. తగిలితే ఒక చుట్టు పెనాల్టీ.

కింది మార్కుకి వెడల్పుగా వచ్చి ఆనుకుని బయటికి వెళ్లాలి. మార్కు మీ పక్కకి వచ్చేసరికి పడవ అప్పటికే పూర్తిగా పైకి తిరిగి, తాడు మొత్తం లోపలికి వచ్చి ఉండాలి. నాలుగు పడవలు పక్కపక్కన జోన్‌లోకి వస్తుంటే బయటి పడవగా చక్రంలా తిరగకండి. వేగం తగ్గించుకుని, వాళ్లని పోనిచ్చి, వెనక నుంచి మార్కుని ఆనుకుని తిరగండి. ముందు తిరిగిన ముగ్గురిలో బయటున్న ఇద్దరిని అక్కడే దాటేస్తారు. ఇది ఓపిక పని, మధ్య ఫ్లీట్‌లో ప్రతి రేసులోనూ దొరికే లాభం.

డౌన్‌విండ్

వెనక్కి చూడండి, అంతే. గాలి విసురు వెనక నుంచి వస్తుంది, నీటి మీద నల్లగా కనిపిస్తుంది, దాని దారిలోకి వెళ్లండి. విసురు వచ్చాక కిందికి, తగ్గాక కొంచెం పైకి. మీ మాస్ట్ మీది గాలి సూచిక వెనకున్న పడవ వైపు చూపిస్తుంటే దాని గాలి నీడ మీ మీద పడుతున్నట్టే, పక్కకి జరగండి. సెయిల్‌ని పదే పదే పంప్ చేయకూడదు, అంటే లాగి వదులుతూ ఊపకూడదు. సర్ఫింగ్ (అల మీద జారడం) లేదా ప్లేనింగ్ (నీటి పైకి తేలి దూసుకెళ్లడం) అందుకోవడానికి ఒక్కో అలకి, ఒక్కో విసురుకి ఒక్కసారి లాగవచ్చు.

రూల్స్ విషయంలో టెన్షన్ వద్దు

పుస్తకం అంతా బట్టీ పట్టక్కర్లేదు. పోర్ట్ పడవ స్టార్‌బోర్డ్ పడవకి తప్పుకోవాలి. ఒకే టాక్ మీద పక్కపక్కన ఉంటే పై పడవ తప్పుకోవాలి. వెనకున్నది ముందున్నదానికి తప్పుకోవాలి. టాక్ కొడుతున్నది అందరికీ తప్పుకోవాలి. జోన్‌కి చేరేసరికి లోపలి పడవ ఓవర్‌ల్యాప్‌లో ఉంటే (పూర్తిగా వెనక పడకుండా పక్కన ఉంటే) బయటి పడవ చోటివ్వాలి. హక్కు మీదైనా సరే, గుద్దుకోకుండా చూసుకోవాలి. వీటిని రేసులో వెంటనే గుర్తుకొచ్చేలా నేర్చుకుంటే చాలావరకు గడిచిపోతుంది. తప్పు మీదని తెలిస్తే వెంటనే గుంపుకి దూరంగా వెళ్లి రెండు చుట్లు తిరిగేయండి. బాగా సాధన చేసినవాడికి మంచి గాలిలో అది అరనిమిషం లోపే అయిపోతుంది. మధ్య ఫ్లీట్‌లో చాలామంది గట్టిగా అరిచేవాడికి భయపడి దారి వదిలేస్తారు. రూల్ తెలిస్తే ఆ భయం పోతుంది.

సిరీస్ లెక్క

లో పాయింట్ పద్ధతిలో మొదటి స్థానానికి 1, రెండో స్థానానికి 2, అలా పాయింట్లు వస్తాయి. తక్కువున్నవాడు గెలుస్తాడు. ఒక సెయిలర్ ఆరు రేసుల్లో 14, 12, 13, 15, 12, 13 తెచ్చుకున్నాడు. ఇంకొకరు 5, 22, 8, 26, 7, 24. రెండోవాడు మెరిసినట్టు అందరికీ కనిపిస్తుంది. అత్యంత చెత్త రేసు తీసేస్తే మొదటివాడికి 64, రెండోవాడికి 66. ఒక్కసారి కూడా మొదటి పదిలోకి రానివాడు ముందున్నాడు!

ఒక రేసు పాడైతే సిరీస్ అయిపోయినట్టు కాదు. ఎల్వ్‌స్ట్రోమ్ 1948 ఒలింపిక్స్‌లో మొదటి రేసు పూర్తి చేయకుండానే తప్పుకున్నాడు, అయినా చివరికి స్వర్ణం అతనిదే. కాబట్టి ఇరవయ్యో స్థానంలో ఉన్నా ముందున్న ఒక్క పడవ మీదే కన్నేసి పట్టుకోండి. ఆ తర్వాత దాని ముందుదాన్ని.

క్లబ్బు నడిపేవాళ్లకి, ముందు వరుసలో ఉన్నవాళ్లకి

పదిహేనో స్థానంలో వచ్చినవాడిని ఒడ్డున కలిసినప్పుడు "ఇవాళ రెండో బీట్‌లో నువ్వు కుడివైపు వెళ్లడం బాగుంది" అని ఒక్క నిజమైన మాట చెప్పండి. ఊరికే "బాగా చేశావు" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. రేసు అయ్యాక గెలిచినవాళ్లు ఏ వైపు ఎందుకు వెళ్లారో పది నిమిషాలు అందరికీ చెప్పించండి. మొదటి మార్కు దగ్గర స్థానాలు రాయించి ఫలితాలతో పాటు పెట్టండి, చాలామందికి తమ సమస్య ఎక్కడుందో అప్పుడే తెలుస్తుంది. చివరి పడవ వచ్చేదాకా ఫినిష్ లైన్ ఎత్తేయకండి.

నెలకి ఒకరోజు గంటసేపు స్టార్ట్‌లు మాత్రమే పెట్టండి. మూడు నిమిషాల సీక్వెన్స్, చిన్న బీట్, మళ్లీ వెనక్కి. ఒక సీజన్ రేసుల్లో దొరకనన్ని స్టార్ట్‌లు ఒకే మధ్యాహ్నం దొరుకుతాయి. ఇంకోరోజు ముందు వరుసవాళ్లని మిగతా అందరికంటే ఒక నిమిషం ఆలస్యంగా వదలండి. వాళ్లు ఫ్లీట్ మధ్యలోంచి దారి చేసుకుంటూ రావాల్సి వస్తుంది. వాళ్లు ఎక్కడ టాక్ కొడుతున్నారో, ఎవరి వెనక నుంచి దిగుతున్నారో, ఎవరిని వదిలేస్తున్నారో మధ్య ఫ్లీట్ సెయిలర్లకి రెండు పడవ పొడవుల దూరం నుంచి కనిపిస్తుంది.